అడుగు లేని జేబులు

మా తాత దేవానందం గడ్డిఅన్నారంలో దర్జీ. సూది పళ్ల మధ్య పెట్టుకునే మాట్లాడేవాడు, కాబట్టి తిట్లు సగమే బయటికొచ్చేవి. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఓ కాలేజీ నాయకుడు ఆరుగురు బడిపిల్లలను వెంటబెట్టుకొచ్చాడు. “తాతా, వీళ్ల లాగులకు పెద్ద జేబులు కుట్టు. పోలీసుల మీద వేసే రాళ్లు పట్టాలె.” తాత కుట్టాడు, అడుగు మాత్రం మూయలేదు. దిల్‌సుఖ్‌నగర్ చేరకముందే రాళ్లన్నీ పాదాల మీద రాలి, పిల్లలు కుంటుతూ వెనక్కొచ్చారు.

“ఏంది తాతా గీ పని?” అని నాయకుడు ఎగిరాడు.

“తూటాలకు ఎదురు నువ్వు పో బిడ్డా. బడి తెరిచినంక వీళ్ల జేబులు మూస్త.”

బడి తెరిచిన రోజు జేబులు మూయించుకోను ఐదుగురే వచ్చారు. ఆరోవాడు ప్రభుదాసు కాలికి తూటా తగిలి దవాఖానలో ఉన్నాడు. అంతకుముందే, జేబు చిరిగిందనుకొని వాళ్లమ్మే కుట్టిపెట్టిందట.