మా ఆయన కొండదారి

అది ఇంకో ఆడమనిషై ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. వీధిలోకి పిలిచి నాలుగు మాటలతో కడిగేసి, పుట్టింటికి ఒక ఫోను కొట్టి, అటో ఇటో తేల్చుకునేదాన్ని. మా ఆయన మనసు పారేసుకున్నది ఒక రోడ్డు మీద. రోడ్డుతో ఎక్కడని పోట్లాడేది?

మాచర్ల నుంచి వెల్దుర్తి పోయే దారిలో ఒకచోట చిన్న తారు రోడ్డు అడవిలోకి చీలుతుంది. కొండ ఎక్కి, పైనున్న తండా దగ్గర ఆగిపోతుంది. అవతలికి దారి లేదు కాబట్టి లారీలు రావు, బస్సు రాదు. పిడుగురాళ్ల వైపు సైకిలు తొక్కాలంటే సున్నపురాయి లారీల మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి. సాగర్ రోడ్డు నిండా కార్లు. అందుకని మా ఆయనా, ఆయనతో పాటు కరెంటాఫీసులో పనిచేసే ముగ్గురూ వెతికి వెతికి ఈ దారిని పట్టుకున్నారు. డాక్టరు షుగరు ఉందని చెప్పి రోజూ నడవమన్నాడు. ఈయన నడవడం మానేసి గేర్ల సైకిలు కొన్నాడు.

ఆదివారం తెల్లవారక ముందే బయలుదేరేవాడు. ఎండెక్కాక వచ్చి, చెమట బనీనుతోనే నా కుట్టుమిషను ఎదురుగా కుర్చీ వేసుకుని మొదలుపెట్టేవాడు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. నాకు ఆదివారమే పని ఎక్కువ.

"నెమలే! రోడ్డుకు అడ్డంగా నిలబడింది. సైకిలుకు చప్పుడుండదు గదా, దగ్గరికి పొయ్యిందాకా కదల్లేదు."

ఇంకో వారం సీతాఫలాలు. "రెండు పక్కలా చెట్లేనే. ఆ వాసనకే సగం కడుపు నిండుద్ది."

అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది పైన ఉన్న బండ గురించి. "తండాకు కాస్త ఇవతల ఈ ఇల్లంత బండ ఉంది. దాని మీద కూర్చుంటే కిందంతా అడవి. దూరంగా కృష్ణ తళుక్కుమంటా కనపడుద్ది. ఏం చెప్పమంటావ్, చూడాల్సిందే."

చూడాల్సిందేనట. ఎవరు చూపిస్తారు? నేను ఊ కొడుతూ హుక్కులు కుట్టేదాన్ని. నాకు కుళ్ళు పుట్టింది. దాచుకోవడం దేనికి, అది ఉత్త కుళ్ళే. ఆయన పోతున్నందుకు కాదు, వచ్చేటప్పుడు తెచ్చుకునే ఆ ముఖానికి. పెళ్ళిలో నా పక్కన కూర్చున్నప్పుడు కూడా అంత వెలుగు లేదు. కావాలంటే ఆల్బం ఉంది.

ఫోన్లో ఫోటోలు కూడా చూపించేవాడు. ఆ ముగ్గురూ బండ మీద వరసగా కూర్చుని నవ్వుతుండేవాళ్ళు.

"మీరేరీ?" అని అడిగాను ఒకసారి.

"తీసేది నేనే గదే," అన్నాడు.

నాకూ ఒకప్పుడు సైకిలుండేది. రొంపిచెర్ల దగ్గర మా ఊరి నుంచి హైస్కూలుకు దాని మీదే పోయేదాన్ని. పత్తిచేల మధ్య చేతులు వదిలేసి తొక్కేదాన్ని. పదో తరగతి అయిపోగానే, ఆడపిల్లకు ఇంకా సైకిలేందని దాన్ని తమ్ముడికి ఇచ్చేశారు. వాడు మొదటి వారమే కాలవలో పడి చర్మం గీరుకుని వస్తే, పసుపు పెడుతూ లోపల్లోపల సంతోషించాను. ఆ బుద్ధి నాకు అప్పటి నుంచీ ఉంది.

ఒక రోజు ఉండబట్టలేక అడిగేశాను. "నన్ను కూడా తీసుకుపోండి."

"నువ్వా? ఆ ఎక్కుడు నీ వల్ల యాడవుద్ది?" అని నవ్వి, నా ముఖం చూసి నవ్వు ఆపి, సాయంత్రం మోటారుసైకిలు తీశాడు.

అడవి మొదట్లో, కొండ కింద ఒక టీ బంకు ఉంది. అది దాటి మొదటి మలుపు తిరిగామో లేదో బండి ఆపాడు. ఇంజను మోతకు నెమలి కాదు కదా, కాకి కూడా కనపడలేదు. సీతాఫలాల వాసనేమో గాని, పెట్రోలు వాసన మాత్రం బాగా వచ్చింది.

"పైకి పోనీయండి. బండ చూద్దాం," అన్నాను.

"వద్దులే. బండి మీద పొయ్యి చూస్తే అది చూసినట్టు కాదు," అని అక్కడికక్కడే వెనక్కి తిప్పాడు.

పైన ఉన్నది నాకు చూపించడం ఈయనకు ఇష్టం లేదు, అదంతా తనకే కావాలి అనుకున్నాను. తన సొమ్మేదో నేను ఎత్తుకుపోతానన్నట్టు అంత పిసినారితనమా అని ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి పప్పులో ఉప్పు వేయలేదు. మర్చిపోయి కాదు.

మా అమ్మాయి గుంటూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. హైస్కూల్లో ఉండగా తొక్కిన దాని సైకిలు మా మెట్ల కింద గాలి లేకుండా పడి ఉంది. దాన్ని నడిపించుకుంటూ బస్టాండు దగ్గర సాయిబు గారి షాపుకు తీసుకుపోయి ట్యూబులు మార్పించాను. బుధవారం ఆయన ఆఫీసుకు పోగానే, అమ్మాయి పాత చుడీదారు వేసుకుని ఎక్కాను.

ఎదురింటి అమ్మాయి గేటు దగ్గరే పట్టుకుంది. "ఏంది పిన్నీ, సైకిలెక్కావ్?"

"షుగరు రాకుండా," అన్నాను.

మొదట హ్యాండిలు వణికింది. ఊరు దాటేసరికి కాళ్ళకు పాత సంగతులన్నీ గుర్తొచ్చాయి. మిర్చి తోటల్లో పనికి వచ్చిన ఆడవాళ్ళు నడుములెత్తి నన్ను చూశారు. నేనూ తల ఎత్తుకునే తొక్కాను. అడవి రోడ్డులోకి తిరిగాక ఒక్కసారిగా చప్పుడు పోయింది. నా గొలుసు తిరిగే చప్పుడు నాకే వినపడింది. ఆయన అబద్ధం చెప్పలేదని అప్పుడు తెలిసి ఇంకా కోపం వచ్చింది.

మంచినీళ్ళ కోసం టీ బంకు దగ్గర దిగాను. బంకు నడిపేది నా వయసావిడే. నన్ను ఎగాదిగా చూసి నవ్వింది.

"నువ్వు సైకిలు సారు వాళ్ళావిడివి గదక్కా? ఆ మద్దె సాయంత్రం బండి మీద ఎక్కించుకొచ్చింది నిన్నే గదా."

అవునన్నాను. ఈ రోడ్డు మీద మా ఆయనకు పేరు కూడా ఉందన్నమాట.

"సారుకు ఎట్టా ఉంది మోకాలు?"

"ఏ మోకాలు?"

"అదేందక్కా, కుడి మోకాలు. మొదట్లో రెండు మూడు వారాలు పైకి ఎక్కబోయాడు. సగం కూడా పోలేక దిగొచ్చేవోడు, పాపం. ఒకసారైతే చానా వాచింది. నేనే వావిలాకు వేడి చేసి కట్టిచ్చా. ఇప్పుడు పైకి పోడు. వాళ్ళు ముగ్గురూ పొయ్యొచ్చిందాకా ఈ బల్ల మీదే కూర్చుంటాడు. వాళ్ళు దిగినాక నెమలి ఏడుంది, బండ మీద గాలి ఎట్టుంది అని గుచ్చి గుచ్చి అడుగుతాడు."

నిజం చెబుతున్నాను, నాకు నవ్వొచ్చి ఉంటే బాగుండేది. ఇన్ని ఆదివారాలు నా ఎదుట కుర్చీ వేసుకుని చెప్పినవన్నీ ఎవరో చూసినవి. వాళ్ళ మీద కుళ్ళుకుంటూ ఈయన ఆ బల్ల మీద, ఈయన మీద కుళ్ళుకుంటూ నేను మిషను ముందు. ఆ మాట తట్టి ఒక్క క్షణం జాలేసింది. మరుక్షణం వావిలాకు గుర్తొచ్చింది. మోకాలు వాచిందని నాకు చెప్పలేదు. ఈవిడకు చెప్పాడు. ఈవిడ చేత కట్టు కట్టించుకున్నాడు. ఇంట్లో నేను ఏం చేస్తున్నాను, గాడిదలు కాస్తున్నానా? ఇన్నాళ్ళకు కడిగేయడానికి ఒక ఆడమనిషి దొరికింది గానీ, ఆవిడేమో నాకు అల్లం దంచి టీ పెడుతోంది. టీ కూడా బాగుంది.

ఆ కోపంతోనే కొండ ఎక్కాను. ఇన్నేళ్ళు కుట్టుమిషను తొక్కిన కాళ్ళు అక్కరకొచ్చాయి. మరీ నిటారుగా ఉన్నచోట దిగి నడిపించాను, ఊపిరి అందాక మళ్ళీ ఎక్కాను. నెమలి కనపడలేదు. ఒక మేకల మంద అడ్డం వచ్చి, తీరిగ్గా దారి ఇచ్చింది. తండాకు ఇవతల తారు రోడ్డు దిగి, ఎర్రమట్టి బాటలో సైకిలు నడిపించాను.

బండ ఉంది. ఈ ఇల్లంత కాదు, మా వంటగదంత ఉంటుంది. ఎక్కి కూర్చున్నాను. కృష్ణ ఎక్కడా కనపడలేదు. కొండ వెనక కొండ, దాని వెనక ఇంకో కొండ, అంతే. కింద నేను ఎక్కి వచ్చిన రోడ్డు చెట్ల మధ్య అక్కడక్కడా కనపడుతోంది. చెమట ఆరుతుంటే వీపు చల్లబడింది. ఎవరూ నన్ను పిలవలేదు, జాకెట్టు అయిందా అని అడగలేదు. ఈ చోటు సంగతి ఎవరికీ చెప్పకూడదు అనుకున్నాను, మా ఆయనకు అసలే చెప్పకూడదు.

సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విడవకుండా మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. అమ్మాయి సైకిలు చక్రాలకు ఎర్రమట్టి పట్టి ఉంది. మా వీధిలో ఎర్రమట్టి లేదు.

"పైదాకా పొయ్యావా?" అన్నాడు.

"పొయ్యా."

వచ్చి ఎప్పటిలాగే కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి ముఖంలో ఆ వెలుగు లేదు. నేను దాన్ని ఎత్తుకొచ్చినట్టుంది.

"ఏముందే పైన?" అని అడిగాడు.

ఎన్ని ఆదివారాల నుంచో ఇలాంటి ఘడియ కోసమే చూస్తున్నాను. దులిపేయడానికి మాటలు కూడా దారిలోనే కూర్చుకున్నాను. చివరికి అన్నది వేరే.

"మీరు చెప్పినవే. కృష్ణ కూడా కనపడింది," అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. "కనపడదంటగా. మావోళ్ళు చెప్పారు. అది నేను కలిపిందే."

నేను కత్తెర పక్కన పెట్టి, మిషను మీది బట్ట మడిచాను.

"ఆ టీ బంకావిడకు చూపించిన మోకాలు, ఒకసారి నాక్కూడా చూపించండి."