బ్లాస్టింగ్ సంగతి మరిచాను

నేను గోదావరిఖనిలో ఫిజిక్స్ లెక్చరర్ని. రెండేళ్ల కిందట దేశంలోని నాలుగు పరిశోధన సంస్థలు కలిసి తయారుచేసిన క్వాంటం పరికరాన్ని పరీక్షించడానికి మా ఊరికి తెచ్చారు. భూమ్యాకర్షణలో వచ్చే సన్నటి తేడాలను పట్టుకుని, నేల కింద ఖాళీ ఎక్కడుందో చెబుతుందది. స్థలం చూపించే బాధ్యత నాకిచ్చారు. మూతపడ్డ పాత గని మీది మైదానం చూపించి, "ఇక్కడ ఏ అలజడీ ఉండదు సార్" అని ధీమాగా చెప్పాను.

మధ్యాహ్నం రెండింటికి కాళ్ల కింద నేల అదిరింది. తెర మీద అంకెలన్నీ చెదిరిపోయాయి. పొద్దుటి నుంచి చేసిన పనంతా వృథా. అది పక్క ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం రాళ్లు పేల్చే బ్లాస్టింగ్. కార్మికుల కాలనీలో పుట్టి పెరిగిన నేను ఆ సంగతే మరిచాను.

"వేరే చోటు చూసుకుంటాం మేడమ్" అన్నారు బృందం పెద్ద. నేను తలెత్తలేకపోయాను.

మూతపడ్డ ఆ పాత గనిలోనే పనిచేసి రిటైరైన మా నాన్నకు, మా బాపుకు, ఫోన్ చేశాను. వెంటనే స్కూటర్ మీద వచ్చాడు.

"బ్లాస్టింగ్ రోజుకొక్కసారే సార్. ఇగ రేపటిదాంక ఉండది. ఫికర్ చెయ్యకుండ్రి, మొదలువెట్టుండ్రి" అన్నాడు.

సాయంత్రానికి కొలతలు కుదిరాయి. కింద ఖాళీ ఉన్నచోట సున్నంతో గీత గీశారు. బాపు వెళ్లి దాని మీద నిలబడ్డాడు.

"గిది మా సొరంగమే సార్. నా డ్యూటీ అంత గీడనే" అన్నాడు.

ఆ బృందం మళ్లీ వచ్చినప్పుడు ముందు ఫోన్ చేసింది నాకు కాదు, బాపుకు. ఆ మాట చెప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గేమీ లేదు.