గాలయ్య పట్టిన జాగా

శామీర్‌పేట గాలయ్యకు లోకంలో ఒకే ఒక్క పిచ్చి ఉండేది. కనిపించిన చోటల్లా తువ్వాల వేసి జాగా పట్టడం. బస్సులో, సినిమా హాల్లో, పెళ్ళి బంతిలో, రేషన్ షాపు వరసలో, ఆఖరికి దవాఖానా బెంచీ మీద కూడా ముందు ఆయన ఎర్రగళ్ళ తువ్వాల పడేది, తర్వాత ఆయన వచ్చేవాడు. "మా పెండ్లిల పీటల మీద గూడ తువ్వాలే ముందుగాల కూసున్నది" అని ఆయన భార్య బాలమణి వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. కొంచెం కోపంగానే చెప్పేది.

రఘునందన్‌కు ఆ తువ్వాల పరిచయమైంది 1996లో. అప్పుడే పాలకొల్లు వైపు నుంచి మందుల కంపెనీ ఉద్యోగానికి వచ్చి, మేడ్చల్‌లో కొత్తగా కట్టిన కాలనీలో దిగాడు. ఒకరోజు శామీర్‌పేటలో బస్సెక్కి, ఉన్న ఒక్క ఖాళీ సీట్లో కూర్చోబోతుండగా కిటికీలోంచి తువ్వాల వచ్చి పడింది.

"అది రిజర్వు సారూ!" అని కింది నుంచి కేక.

"ఎవరికండీ?"

"ఇంక తెల్వది. ఎవలో ఒకలు వస్తరు."

అలా ఎవరి కోసమో తెలియని సీటు పక్కన రఘునందన్ ఒంటికాలి మీద నిలబడ్డాడు. తర్వాతి స్టేజీలో రెండు కోళ్ళతో ఒక పెద్దమనిషి ఎక్కి, రఘునందన్ కంటే రెట్టింపు దిట్టంగా ఉండి కూడా, హాయిగా ఆ సీట్లో కూర్చున్నాడు. గాలయ్య తువ్వాల తీసుకుని ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వచ్చాడు. కోళ్ళలో ఒకటి దారి పొడుగునా రఘునందన్ చొక్కా గుండీని పొడుస్తూనే ఉంది.

ఈ పిచ్చి గాలయ్యకు దక్కాల్సిన సర్పంచి పదవిని కూడా మింగేసింది. ఎన్నికల రోజు సాయంత్రం ఓటు వేసే వరసలో తువ్వాల పెట్టి, ఇంకా రాని జయమ్మను పిలుచుకొస్తానని వెళ్ళాడు. వరసలోని వాళ్ళు పాపం నిజాయితీగా తువ్వాలను కాళ్ళతో జరుపుకుంటూ పోలింగ్ బూత్ గుమ్మం దాకా తెచ్చారు. టైమైపోయింది. తువ్వాలకు ఓటు లేదని అధికారి తేల్చేశాడు. తన ఓటు కూడా పడక గాలయ్య ఒక్క ఓటుతో ఓడిపోయాడు. ఆ జయమ్మేమో, "నేనెట్లయినా నీకు ఏద్దునా ఏంది?" అనేసి బర్రెలను కట్టేయడానికి వెళ్ళిపోయింది.

ఇలా ఉండగా రఘునందన్‌కు కూడా ఒక పిచ్చి పట్టింది. నలభై దాటాక డాక్టరు నడవమంటే ఈయన పరుగెత్తడం మొదలుపెట్టి, అది ముదిరి, 2006లో మలేషియా వెళ్ళి ట్రయాథ్లాన్‌లో పాల్గొని వచ్చాడు. సముద్రంలో రెండు కిలోమీటర్ల ఈత, ఆ తడి ఆరకముందే తొంభై కిలోమీటర్ల సైకిలు, ఆ పైన ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. అంతా ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. ముగించాడు. అందరికంటే ఆఖరున ముగించాడు.

కాలనీ సంఘం కార్యదర్శి వీరభద్రం గారు లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. సంబరంగా మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టించారు. 'మలేషియా పోటీలో 412 మందిలో 412వ స్థానం సాధించిన మన రఘునందన్‌కు అభినందనలు.'

"ఆ మొత్తం సంఖ్య తీసేద్దామండీ" అని రఘునందన్ బతిమాలుకున్నాడు.

"అబ్బే, మొత్తం లేకుండా స్థానం చెబితే తప్పండీ" అన్నారు వీరభద్రం గారు.

మూడో క్లాసు చదివే కూతురు నవ్యశ్రీ ఫ్లెక్సీని కూడబలుక్కుని చదివి, "నాన్నా, నీ వెనకాల ఒక్కళ్ళు కూడా లేరా?" అంది. ఊరంతా నవ్వినా తట్టుకున్నాడు గాని, ఆ ఒక్క మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. కప్పులూ పతకాలూ అక్కర్లేదు, వెనకాల ఒక్కడుంటే చాలనుకుని మళ్ళీ పేరిచ్చాడు.

ఈత గట్టిపడాలంటే గాలయ్య పొలంలో ఉన్న బావే దిక్కని ఎవరో చెప్పారు. ఇరవై ఏళ్ళు సైకిలు మీద పాల క్యాన్లు వేసుకుని సూరారం, కుత్బుల్లాపూర్ కాలనీలకు తిరిగిన ఆ మనిషి, యాభై ఆరేళ్ళ వయసులో కూడా గట్టు మీది నుంచి దూకితే బావిలో నీళ్ళు సగం బయటికొచ్చేవి. పోటీ సంగతి విని కాసేపు వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు.

"సైకిలంటే సూరారం రెండుసార్లు పోయొచ్చినట్టు. ఉరుకుడంటే మేడ్చల్ పోయొచ్చినట్టు. గిదానికి ఇమానమెక్కి పోవుడెందుకు సారూ? ఈడ్నే చేస్తే కాదా?"

"అక్కడ పోటీ ఉంటుందండీ. పోయినసారి నేనే ఆఖరు" అని కూతురి మాట కూడా చెప్పేశాడు రఘునందన్.

గాలయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "అట్లయితే నేనూ వస్త. ఆడ నీకు జాగా పట్టెటోళ్ళెవలున్నరు?"

తమాషాకు అన్నాడనుకుంటే నిజంగానే పాస్‌పోర్టు తీయించాడు. రెండేళ్ళు ఇద్దరూ కలిసి బావిలో ఈదారు, సిద్దిపేట రోడ్డు మీద సైకిళ్ళు తొక్కారు. 2008లో బయల్దేరారు. విమానంలో అడుగుపెట్టగానే గాలయ్య మూడు సీట్ల మీద తువ్వాల పరిచాడు. ఎయిర్‌హోస్టెస్ నవ్వుతూ తీసి చేతికిచ్చింది. "రిజర్వుడ్" అన్నాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు అదొక్కటే. ఆ ఒక్క మాటతోనే మలేషియా అంతా తిరిగాడు.

పోటీ పొద్దున ఏడింటికి మొదలైంది. బావిలో చుట్లు తిరిగిన అలవాటు కొద్దీ గాలయ్య సముద్రంలో మలుపు గుర్తుగా వేసిన పెద్ద బుడగ చుట్టూ రెండుసార్లు తిరిగాడు, అయినా రఘునందన్ కంటే ముందే ఒడ్డెక్కాడు. అద్దెకు తీసుకున్న రేసు సైకిలుకు క్యారియర్ లేదని అలిగి, కనీసం బెల్లన్నా ఉండాలని మేడ్చల్ నుంచి తెచ్చుకున్నది బిగించాడు. పాలవాడి బెల్లు మోగుతుంటే ఆ దేశపు కుర్రాళ్ళు ఉలిక్కిపడి పక్కకు తప్పుకున్నారు.

రఘునందన్ సంగతి అలా లేదు. ఈతలో ఉప్పునీళ్ళు మింగాడు, సైకిలు మీద తొడలు పట్టేశాయి. పరుగుకు దిగేసరికి వెనక్కి చూస్తే దారి ఖాళీగా ఉంది. ఎదురుగా, ఒకసారి వెళ్ళి తిరిగొస్తున్న గాలయ్య కనబడ్డాడు. తలకు తువ్వాల చుట్టుకున్నాడు.

"సారూ, పరేషాన్ గాకు! మెల్లగ రా! జాగా పట్టిన!"

'పరుగు పందెంలో జాగా ఏమిటి ఈయన మొహం' అనుకున్నాడు రఘునందన్. ఏడుపొచ్చింది. నవ్యశ్రీకి ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ, మూలుగుతూ, నడుస్తూ, మధ్యమధ్య పరుగెత్తుతూ మూడుంబావు దాటాక ఆఖరి మలుపు తిరిగాడు. మూడున్నరకు గేటు మూసేస్తారు.

గేటుకు ఇరవై అడుగుల ఇవతల, దారి పక్కన తువ్వాల పరిచి ఉంది. దాని మీద గాలయ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ నలుగురు నిర్వాహకులు, ఒక డాక్టరు. లేచి గేటు దాటమని చేతులు జోడించి బతిమాలుతున్నారు. డాక్టరు రెండోసారి నాడి చూస్తున్నాడు.

"రిజర్వుడ్" అంటున్నాడు గాలయ్య ప్రశాంతంగా.

"గాలయ్య గారూ, ఇక్కడ కూర్చున్నారేంటండీ! లేవండి!"

"కాలు పట్టింది సారూ. నువ్వు పో, జల్దీ పో!"

రఘునందన్ గేటు దాటాడు. వెనక్కి తిరిగేసరికి గాలయ్య లేచి, తువ్వాల దులిపి, మడతపెట్టి భుజాన వేసుకుని, అత్తగారింటికి వెళ్ళే కొత్తల్లుడిలా తాపీగా నడిచొచ్చాడు. ఏ కాలూ కుంటలేదు. ఆయన రెండుంబావు నుంచి అక్కడే కూర్చున్నాడనీ, అప్పుడే దాటి ఉంటే ఆ వయసువాళ్ళలో మూడో బహుమతి ఆయనదేననీ డాక్టరు చెప్పాడు. రఘునందన్ గాలయ్య వైపు తిరిగాడు.

"నా కోసం కప్పు వదిలేసుకుంటారా అండీ?"

"ఇంటికి తెస్తే మా బాలమణి దాంట్ల చింతపండు నానేస్తది. ఇడిసిపెట్టు సారూ, ఆకలైతాంది."

వీరభద్రం గారు మళ్ళీ ఫ్లెక్సీ కట్టించారు. ఈసారి రెండు ఫోటోలు. 388 మందిలో రఘునందన్ 387, గాలయ్య 388. సన్మానానికి కాలనీ అంతా చేరింది. వేదిక మీద కుర్చీకి తువ్వాల వేసి, ఆలస్యంగా వచ్చిన వీరభద్రం గారిని అందులో కూర్చోబెట్టి, గాలయ్య మైకు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. నవ్యశ్రీ వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది.

"తాతా, మా నాన్న వెనకాల ఉన్నది నువ్వేనా?"

"నేనే బిడ్డా. అందరు ముందటి జాగాల కోసమే కొట్లాడుతున్నరు. ఆఖరుది ఖాళీగున్నది. తువ్వాలేసిన."

రఘునందన్ వెనక్కి లెక్కేసుకున్నాడు. బస్సు సీటులో కోళ్ళ పెద్దమనిషి, ఇప్పుడు కుర్చీలో వీరభద్రం గారు. పన్నెండేళ్ళలో గాలయ్య తాను పట్టిన జాగాలో తానే కూర్చున్నది ఆ గేటు దగ్గర, ఆ ఒక్కసారే.