జైనబ్ భుజానికి తగిన తుపాకి

మస్తానయ్యకు చేతిలో పని లేకపోతే కాలు నిలవదు. మస్కట్ శివార్లలో, షూటింగ్ పోటీల్లో పాల్గొనేవాళ్లకు రైఫిళ్లు తయారుచేసి ఇచ్చే లైసెన్సు దుకాణం ఒకటుంది. దాని వెనక వర్క్‌షాపులో లేతు మిషను మీద ఆయనే ఉంటాడు. ప్రొద్దుటూరులో బోరు మోటార్ల షాఫ్టులు తిప్పుతూ పని నేర్చుకున్నాడు. తర్వాత ఒమాన్ వచ్చి, దుక్మ్ రేవులో కంపెనీ క్యాంపులో ఉండి పైపులకు మరలు కోశాడు. దుకాణం యజమాని సుఫియాన్ అక్కడే ఆయన పనితనం చూసి మస్కట్‌కు తెచ్చుకున్నాడు. భార్య హుస్నా కూడా ఈ ఊళ్లోనే ఒక ఒమానీ ఇంట్లో వంటా ఇంటిపనీ చేస్తూ అక్కడే ఉంటుంది. మొగుడూ పెళ్లాలు కలిసేది శుక్రవారాలే. దూదేకుల వాళ్లు కావడంతో ఇద్దరి మధ్యా తెలుగే నడుస్తుంది.

హుస్నా పనిచేసే ఇంటి పెద్ద నాసిర్, సైన్యంలో చేసి రిటైరైన మనిషి. హుస్నా మొగుడున్న దుకాణమని, కూతురు జైనబ్‌ను వెంటబెట్టుకుని ఒకరోజు అక్కడికే వచ్చాడు. జైనబ్ అల్ ఖువైర్‌లో బ్యాంకు ఉద్యోగి. తక్కువ దూరాల పోటీల్లో పతకాలు గెలిచింది. ఇక వెయ్యి మీటర్ల పోటీకి దిగాలని ఆమె ఆశ. అందుకు తగ్గ రైఫిల్ తానే కట్టించి ఇవ్వాలని తండ్రి ముచ్చట.

"త్రీ హండ్రెడ్ మ్యాగ్నమ్," అన్నాడు నాసిర్ కూర్చోకుండానే. "నా వేట తుపాకీ కూడా అదే. అమ్మాయి ఇప్పుడు దాంతోనే సాధన చేస్తోంది. వెయ్యి మీటర్లు పోయినా దాని తూటాకు అలుపు రాదు."

క్యాలిబర్ తేలితేగాని పని మొదలు కాదు. బ్యారెల్ లోపలి రంధ్రం ఎంత వెడల్పో, అందులో ఏ తూటా పడుతుందో ముందే చెప్పి విదేశాల నుంచి తెప్పించాలి. పోలీసుల అనుమతి కూడా ఆ క్యాలిబర్ పేరు మీదే రావాలి. ఒకసారి వచ్చాక మార్చుకుందామంటే కుదరదు.

"సిక్స్ పాయింట్ ఫైవ్ క్రీడ్‌మూర్ అయితే..." అంది జైనబ్ నెమ్మదిగా. "సన్నటి తూటా, గాలికి పక్కకు పోవడం తక్కువ. వెనక్కి తన్నడమూ తక్కువే."

"ఆ పెన్సిలా?" నాసిర్ నవ్వాడు. "దాని బ్యారెల్ తొందరగా అరిగిపోతుంది."

జైనబ్ కుడిచెయ్యి ఎడమ చేత్తో పట్టుకుని నిలబడటం మస్తానయ్య చూశాడు. చూశాడంతే, దాని గురించి ఆలోచించలేదు. పైగా ఆయన మనసు వేరే చోట ఉంది. ఆయనకు త్రీ నాట్ ఎయిట్ అంటే ఇష్టం. తూటాలు సులువుగా దొరుకుతాయి, బ్యారెల్ చాలాకాలం మన్నుతుంది. ఆ మాటే అన్నాడు. అంత దూరానికి అది వడగళ్లలా రాలిపోతుందని నాసిర్ కొట్టిపారేశాడు. ఆ మాటకు జైనబ్ కూడా తలూపింది. మ్యాగ్నమే ఖాయమని చెప్పి నాసిర్ వెళ్లిపోయాడు.

శుక్రవారం సముద్రం ఒడ్డున గోడ మీద కూర్చుని హుస్నా అసలు సంగతి చెప్పింది.

"ఆ పాప భుజం చూస్తే కడుపు తరుక్కుపోతాదయ్యా. కాల్చి వచ్చినప్పుడల్లా నల్లగా కమిలిపోయుంటాది. తలుపేసుకుని నాతో ఉప్పుమూట కాపడం పెట్టించుకుంటాది. నాయనకు తెలిస్తే బాధపడతాడంట. ఎవురికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది."

"మరి నాకెందుకు చెప్తాండావే?"

"నీకు కాకపోతే ఇంకెవురికి చెప్పల్ల?"

అప్పటినుంచి మస్తానయ్యకు నెమ్మది లేకుండా పోయింది. చెబితే హుస్నా ఒట్టు పోతుంది, దాంతోపాటు ఉద్యోగమూ పోవచ్చు. చెప్పకపోతే తన చేతులతోనే ఆ పిల్ల భుజం విరగ్గొట్టే యంత్రం తయారుచెయ్యాలి. మిషను ముందు నిలబడితే చెయ్యి ఆడదు. బయటికి వెళ్లి ఎండలో నాలుగడుగులు వేసి మళ్లీ లోపలికొస్తాడు. పోసిన టీ అలాగే చల్లారిపోతుంది. ఆర్డరు కాగితం మీద సంతకం చెయ్యమని సుఫియాన్ అడిగితే, కొలతలు ఇంకోసారి సరిచూడాలని ఒకరోజు, తలనొప్పని ఒకరోజు దాటవేశాడు.

"ఏమైంది నీకు? కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు," అని సుఫియాన్ విసుక్కున్నాడు.

"ఒక్కసారి అమ్మాయిని కాల్పుల రేంజిలో చూడనివ్వండి అర్బాబ్. భుజానికి ఆనే బట్ పొడవు సరిచూడాలి," అన్నాడు మస్తానయ్య. అది అబద్ధమేమీ కాదు. కాని అక్కడ కూతురి బాధ నాసిర్ తన కళ్లతో తానే చూస్తాడేమోనని ఆయన ఆశ.

రేంజి ఊరికి దూరంగా, కొండల నడుమ ఉంది. నాసిర్ కుటుంబంతో కలిసే వచ్చాడు. హుస్నా అన్నం గిన్నెలు, ఫ్లాస్కులు సర్దుకుని వెంట వచ్చింది. జైనబ్ చాప మీద బోర్లా పడుకుని తండ్రి మ్యాగ్నమ్ ఎక్కుపెట్టింది. మొదటి గుండు గురి పలక అంచుకు తగిలింది. రెండోది మట్టి లేపింది. మూడోసారి ట్రిగ్గర్ నొక్కకముందే ఆమె కళ్లు గట్టిగా మూసుకోవడం పక్కనే మోకాళ్ల మీద కూర్చున్న మస్తానయ్యకు కనబడింది. అది కూడా తప్పిపోయింది.

"గాలి మారింది. ఇంకోటి," అన్నాడు నాసిర్ దుర్భిణి దించకుండా.

మస్తానయ్య నోరు తెరిచాడు. ఈలోగా వెనక గిన్నె కింద పెట్టిన చప్పుడయింది. హుస్నా వచ్చి చాప పక్కన నిలబడింది.

"బాబా, బస్," అంది నాసిర్‌తో, తనకొచ్చిన అరబ్బీలో. "అమ్మాయి భుజం చచ్చిపోతోంది. రోజూ కాపడం పెట్టేది నేను. ఇంక పెట్టలేను."

నాసిర్ దుర్భిణి దించి కూతురి వైపు చూశాడు.

"నిజమేనా?"

జైనబ్ లేచి కూర్చుంది. "మీరు అంత సంతోషంగా ఉంటే ఎలా చెప్పను, బాబా?" అంది.

నాసిర్ వెళ్లి కారులో కూర్చున్నాడు. తెచ్చిన అన్నం ఎవరూ ముట్టలేదు.

ఆ తర్వాతి రోజులు మస్తానయ్యకు ముళ్ల మీద గడిచాయి. డ్యూటీలో ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు. హుస్నాను పంపించేశారేమో, తన పనీ ఊడిందేమో అని భయం.

"ఏమన్నా అన్నాడా మే?" అని ఒక రాత్రి ఫోనులో హుస్నాను అడిగాడు.

"ఏమీ అనల్యా. ఆ మౌనమే భయంగా ఉండాది. పెట్టిందేదో తింటాడు, లేచిపోతాడు. పాప మాత్రం వంటింట్లోకొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది."

"ఒట్టు తప్పినావని కోపం ల్యాదా?"

"లేకేం. రెండు దినాలు మాట్లాడల్యా. తర్వాత వచ్చింది."

ఆ వారం చివర్లో నాసిర్ ఒక్కడే వర్క్‌షాపుకు వచ్చాడు. మస్తానయ్య మిషను ఆపి, తుడుచుకున్న చేతులనే మళ్లీ తుడుచుకుంటూ నిలబడ్డాడు. నాసిర్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నీకు ముందే తెలుసు కదా?" అన్నాడు.

"తెలుసు బాబా."

"మా రోజుల్లో భుజం నొప్పి అంటే నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను చాలామందిని చూసి." ఆయన తలపాగా సవరించుకున్నాడు. "ఆ పెన్సిల్ సంగతి చెప్పు. రైఫిల్ బరువు పెంచితే వెనక్కి తన్నడం ఇంకా తగ్గుతుందా?"

తగ్గుతుందన్నాడు మస్తానయ్య. మందపాటి బ్యారెల్ వేస్తే కుదురుగా కూడా ఉంటుంది. కాని అరుగుదల మాట నిజమే, ఎక్కువగా సాధన చేసేవాళ్లకు కొన్నాళ్లకే మార్చాల్సి వస్తుంది.

"అయితే రెండు తెప్పించు. ఒకటి అరిగితే ఇంకోటి ఉంటుంది," అన్నాడు నాసిర్. "ఇంకో మాట. బట్ కొలతలు అమ్మాయినే అడుగు. నన్ను కాదు."

బ్యారెళ్లు వచ్చేసరికి ఎండలు తగ్గాయి. జైనబ్ బ్యాంకు పని ముగించుకుని వచ్చి, బట్ భుజానికి ఆనించి, ఇక్కడ కొంచెం తగ్గించండి, ఇక్కడ వద్దు అని నిస్సంకోచంగా చెప్పేది. మస్తానయ్య చెప్పిన ఒక కోణం ఆమెకు నచ్చలేదు. రెండుసార్లు విప్పించి చివరికి తనకు కావలసినట్టే బిగించుకుంది. ఆమె చెప్పినట్టే బాగుంది.

చలికాలం పోటీలో ఆమె ఐదో స్థానంలో నిలిచింది. చివరి గుండ్లకు గాలి అంచనా తప్పింది. చాపలూ గిన్నెలూ సర్దుతున్న మస్తానయ్యకు, హుస్నాకు కారు దగ్గర తండ్రీకూతుళ్ల వాదన వినబడుతూనే ఉంది. గాలి ఎడమ నుంచి వచ్చిందని నాసిర్, కాదు, మీరు జెండా చూశారు, నేను ఎండమావి గాలికి ఎటు వంగుతోందో చూశాను అని జైనబ్. తండ్రి గొంతు పెంచితే ఆమె ఇంకా పెంచింది. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.