కంచె వైపు సమాధి

ఈసారి మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక, ఈస్టరు పండక్కి ముందే ఎవరి సమాధులు వాళ్ళు శుభ్రం చేసుకోవాలనీ, చేతకానివాళ్ళు ఫోనులో మెసేజి పెడితే కూలీలతో చేయిస్తామనీ మా చర్చి సంఘం యువకులు మైకులో చెప్పారు. వింటూనే నా తల దానంతటదే వంగిపోయింది. మనవలను ఎత్తినదాన్ని, అంగన్‌వాడీలో ఇంతమంది పిల్లలకు అన్నం పెట్టి రిటైరైనదాన్ని, నాకింకా ఏం సిగ్గు చెప్పండి! అయినా సమాధులన్న మాట చెవిన పడితే చాలు, కిరండూల్‌లో గని కూలీల లేబర్ లైన్లలో గౌను వేసుకు తిరిగిన పిల్లనైపోతాను. నా ఈడు వాళ్ళలో చాలామందికి ఇలాంటిదేదో ఒకటి ఉండే ఉంటుంది, బయటికి చెప్పుకోరు గాని.

మాది మరైగూడ వైపు. నాన్న ఇనుప గనిలో లోడింగు పనికి కుదిరితే అమ్మా నేనూ ఆయన వెంట కిరండూల్ వచ్చాం. నాన్న మంచివాడు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాతది విన్నాక ఎవరూ నమ్మరు కనుక. ఆదివారం పాటలకు ఆయన కంజీర వాయిస్తుంటే ముసలివాళ్ళు కూడా చప్పట్లు కొట్టేవారు. మిగతా రోజులన్నీ ఇప్పసారా. ఒక అంగడి రోజున, ఊరంతా చూస్తుండగా, బజారు పక్క కాలవలో పడి మరి లేవలేదు. కొండమీది ఇనుపమట్టి అంతా ఆ కాలవలోకే దిగేది, ఇంటికి తెచ్చేసరికి ఆయన ఒళ్ళంతా ఆ ఎరుపే. పోయినందుకు ఏడవాలో, పదిమందీ చూసినందుకు ఏడవాలో అమ్మకు తెలియలేదు.

తాగి పోయినవాణ్ణి నలుగురి సమాధుల మధ్య పెడితే రేపు అందరికీ అలుసైపోతుందని సంఘం పెద్దలు అనుకున్నారు. సమాధుల తోట వెనక ముళ్ళకంచె పక్కన పెట్టమన్నారు, సిలువ వద్దన్నారు. అటువంటి చావులు చచ్చినవాళ్ళకు అప్పట్లో అదే చోటు. బళ్ళో పిల్లలు నన్ను కాలవోడి బిడ్డ అని పిలిచేవాళ్ళు.

ఈస్టరు ముందు శనివారం మా దగ్గర ప్రతి ఇల్లూ తమవాళ్ళ సమాధికి సున్నం కొట్టుకునేది. మర్నాడు వెలుగు రాకముందే బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని, కొత్త బట్టలు కట్టుకుని, పాడుకుంటూ వెళ్ళేవాళ్ళు. పాస్టరుగారు ఒక్కో సమాధి దగ్గర ఆగి, పోయినవాళ్ళ పేరు పైకి చెప్పి ప్రార్థన చేసేవారు. మా నాన్న పేరు కూడా ఒక్కసారి అలా పైకి వినపడాలని అమ్మకు ఎంత ఆశో! కానీ ఆ మొదటి పండక్కి ఆ పాటలు మా లైను ముందుగా సాగిపోతుంటే, అమ్మ తలుపు గడియ పెట్టి, పొయ్యి దగ్గర వీపు తిప్పుకుని కూర్చుండిపోయింది. ఈస్టరు ముందటి నలభై శ్రమల దినాలు అందరికీ ఆ తెల్లవారుజాముతో అయిపోతాయి, మాకు అవలేదు.

ఆ మరుసటేడు మా నానమ్మ ఊరినుంచి బస్సు మీద దిగింది. దిగీ దిగగానే అమ్మను పట్టుకుని, “ఏందే, పండుగపూట గూడ తలుపేసుకొని కూసుంటవా? వాడు నా కొడుకు, నాకేం సిగ్గు గాదు” అని వీధంతా వినపడేలా అరిచింది. ఆ అరుపుకే నేను చచ్చిపోయాననుకోండి. చివరికి పండుగనాడు చీకటితోనే, జనం రాకముందే వెళ్ళి, సున్నం కొట్టి వచ్చేద్దామని అమ్మ ఒప్పుకుంది. దారిలో ఎవరైనా గుర్తుపడతారని నేను అమ్మ దుప్పటి ముఖం దాకా లాక్కుని నడిచాను.

వెళ్ళి చూస్తే ఏముంది! రెండు వానాకాలాలకు కొండమీది ఎర్రమట్టి దిగి కంచె పక్కంతా నున్నగా కమ్మేసింది. కాస్త ఎత్తుగా మిగిలింది ఒకే ఒక దిబ్బ, దానికి అప్పటికే తెల్లగా సున్నం కొట్టి ఉంది. సంఘంలో ఎవరో పుణ్యాత్ములు కొట్టారనుకుని అమ్మ ముఖం వెలిగిపోయింది, రెండు చేతులూ జోడించింది కూడా. అంతలో కంచె దగ్గర చీకట్లోంచి ఒకావిడ లేచి నిలబడింది. అక్కడి హల్బీ భాష మాట్లాడే మనిషి, సంఘంలోనే ఎప్పుడూ వెనక చాపమీద కూర్చునేది. ఆమె కూతురు పురుగుల మందు తాగి పోతే, ఆ పిల్లనూ కంచె పక్కనే పెట్టారు. “యే మేరీ బేటీ హై” అంది మాకు తెలిసేలా హిందీలో, ఇది నా బిడ్డ అని.

అమ్మ ఆ దిబ్బకేసి చూసింది, చుట్టూ చదునుగా ఉన్న మట్టికేసి చూసింది. నాన్న ఎక్కడున్నాడో ఆమెకు తెలియదు. ఆ దిబ్బ నాన్నదో, ఆ పిల్లదో చెప్పగలవాళ్ళు ఊళ్ళోనే లేరు. అప్పటికే గేటు దగ్గర పాట వినపడుతోంది, కొవ్వొత్తుల వరుస లోపలికి వస్తోంది. “పోదాం పా అత్తా, మనకిక్కడ సమాధి గూడ లేదు” అని అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

నానమ్మ కదల్లేదు. “ఏడికి పోతవే? ఆనాడు తెల్లారగట్ల సమాధికాడికి పోయిన ఆడోళ్ళకు మాత్రం యేసయ్య పెట్టినకాడ దొరికిండా ఏంది? దొరకలేదనే గదనే మనకీ పండుగ!” అంది. అని ఆ తల్లిని పక్కకు జరగమని, తన కొవ్వొత్తి ఆమె కొవ్వొత్తికి అంటించి, రెంటినీ ఆ దిబ్బమీదే నిలబెట్టింది. ఆ తల్లి తన బంతిపూలలో సగం తీసి అమ్మ చేతిలో పెట్టింది.

పాస్టరుగారు కంచె వైపు ఎప్పుడూ రానివారు, ఆవేళ వచ్చారు. ఎవరిదని అడిగితే ఇద్దరిదీ అంది నానమ్మ. ఆయన తల వంచుకుని, ఆ పిల్ల పేరూ, మా నాన్న పేరూ ఒక్క ప్రార్థనలోనే పైకి చెప్పారు. అమ్మ అక్కడే కూలబడి, ఏడాదిన్నరగా దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. జనమంతా మావైపే చూస్తున్నారు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది, అదే క్షణంలో నాన్న పేరు ఇంకోసారి చెబితే బాగుండునని కూడా అనిపించింది.

నానమ్మా లేదు, అమ్మా లేదు ఇప్పుడు. సున్నం ముట్టుకునేవాళ్ళూ లేరు, అంతా గ్రానైటు రాళ్ళు, వాటిమీద ఫొటోలు. ఎలా పోయారని అడగకుండానే అందరికీ సిలువ పెడుతున్నారు, అంతవరకు దేవునికి స్తోత్రం. తోట చాలదని ఆ ముళ్ళకంచె పీకేసి, గోడ ఎక్కడో దూరంగా కట్టారు. దాంతో ఒకప్పటి కంచె పక్క చోటే ఇప్పుడు తోటకు నడిమధ్య అయింది, పేరున్న కుటుంబాలు అక్కడ చోటు కోసం పోటీ పడుతున్నాయి. అది ఒకప్పుడు తల వంచుకుని నిలబడే చోటని వాళ్ళెవరికీ తెలియదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ప్రతి ఈస్టరుకూ వెళ్తాను, కొవ్వొత్తి వెలిగిస్తాను, నాన్న పేరు పైకే చెబుతాను. చెప్పేముందు మాత్రం, ఇప్పటికీ, ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను.