మిషన్ పెట్టకముందు చెప్పవలసిన మాట

2006 వేసవి చివర నన్ను భద్రాచలంలోని ఒక చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలో ఆడియాలజిస్టుగా వేశారు. హైదరాబాదులో డిగ్రీ చదివి, ఖమ్మంలో కొన్నాళ్లు పని నేర్చుకున్నాక దొరికిన మొదటి సొంత పోస్టింగ్ అది. ఆడియాలజిస్టు డాక్టర్ కాదు. చెవిలో జబ్బు ఉందేమో చూసేది డాక్టర్. ఎంత వినబడుతోంది, ఏ మిషన్ పనికొస్తుంది అన్నది మేము తేల్చాలి. ఆయన సంతకం లేనిదే నేను మిషన్ ఇవ్వకూడదు, నా పరీక్ష లేనిదే ఆయన సంతకం పెట్టడు. పాప పుట్టాక ఆ ఉద్యోగం మానేశాను. ముప్పై ఏళ్లకే ఇంట్లో కూర్చున్నదాని ఉద్యోగ జ్ఞాపకాలు ఎవరికి కావాలి అని నాకే అనిపిస్తుంది. కానీ పాప పడుకున్నాక నాకు నిద్ర రాదు. దాని తల వెనక చిటికె వేసి, వినబడి కదిలిందా లేదా అని చూస్తూ ఉంటాను. నిన్న కదిలింది, ఇవాళ కదల్లేదు. అలా చూస్తూ కూర్చోవడం కంటే రాయడం నయం.

దుమ్ముగూడెం వైపు గోదావరి ఒడ్డు ఊళ్లలో నెలకొక క్యాంపు పెట్టేవాళ్లం. వినికిడి పరీక్షకు నిశ్శబ్దం కావాలి. పల్లెల్లో అది దొరికేది వారం మధ్యలో చర్చిలోనే. 2008 వానాకాలం మొదట్లో అలాంటి ఒక చర్చికి యాకోబు తాత కర్ర పట్టుకుని వచ్చాడు. తొంభై దాటాయని ఆయన లెక్క, ఇంకా దాటలేదని కొడుకు దేవదానం లెక్క. వయసులో ఉన్నప్పుడు గోదావరి మీద వెదురు తెప్పలు నడిపిన మనిషి. ఇప్పుడు పొద్దంతా వసారాలో మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటాడు.

చెవుడున్నవాళ్లు అరిచినట్టే మాట్లాడతారు. చర్చి మారుమోగేలా తాత చెప్పాడు: “బిడ్డా, నాకు వాక్యం ఇనాల్నని లేదు. పాస్టరు ఎప్పటికి గదే చెప్తడు. మా మరియతోని ఫోన్ల మాట్లాడాలె.”

మరియమ్మ ఆయన చెల్లెలు. తల్లి పోతే ఆమెను చంకన వేసుకుని పెంచింది ఈయనే. పినపాక దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. ఇద్దరూ ప్రయాణం చేయలేని వయసుకు వచ్చి చాలా కాలమైంది. ఆ ఏడు దేవదానం సెల్‌ఫోన్ కొన్నాడు. అది చూసిన దగ్గర్నుంచీ తాతకు ఇదే ధ్యాస.

హెడ్‌ఫోన్లు పెట్టి, కూత వినబడగానే వేలెత్తమన్నాను. కూత లేనప్పుడు కూడా వేలు లేచింది. నా ముఖం చూసి ఎత్తుతున్నాడు. కుర్చీ గోడవైపు తిప్పించాను. అప్పుడు అసలు లెక్క తెలిసింది: రెండు చెవులకూ తీవ్రమైన లోపం. అలాంటివాళ్లకు మేమిచ్చేది జేబు మిషన్. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా జేబులో ఉంటుంది, దాన్నుంచి చెవికి ఒక తీగ, చెవిలో సరిగ్గా ఇమిడే అచ్చు. పిండి లాంటి మందు చెవిలో నింపి, గట్టిపడ్డాక తీసి హైదరాబాదు ల్యాబుకు పంపితే అచ్చు తయారై వస్తుంది.

పని ముగించి జీపు ఎక్కబోతుంటే తాత కోడలు సలోమి వెనకాలే వచ్చింది. “మేడం, ఆ మిషన్ ఫోనుకు పనిచెయ్యదని చెప్తరా?” అంది.

ఎందుకన్నాను. మరియమ్మ చనిపోయి ఏడాది కావస్తోందట. అప్పుడు తాత జ్వరంతో మంచంలో ఉన్నాడు. లేచి తిరిగాక చెబుదామనుకున్నారు. లేచాక నోరు రాలేదు. రోజూ పొద్దున్నే “మరియ ఎట్లున్నది?” అని ఆయన అడుగుతాడు, బాగుందని సలోమి చెయ్యి ఊపి చూపిస్తుంది. ఆయనకు వినబడదు కనుక ఆ చావు గురించి ఆయన ముందే మాట్లాడుకున్నారు. మరియమ్మ జ్ఞాపకార్థ కూడిక కూడా వాళ్ల వాకిట్లోనే పెట్టారు. మామూలు ప్రార్థన అనుకుని తాత నడుమ కూర్చున్నాడు. అందరి పెదవులూ చూసి ఆమెన్ అన్నాడు. భోజనాల దగ్గర, మరియకు కూడా ఒక గిన్నెలో పెట్టి పంపమన్నాడు.

“ఒక్కరం తల ఎత్తలే మేడం,” అంది సలోమి.

ఆమె అడిగినది పూర్తిగా అబద్ధం కూడా కాదు. సెల్‌ఫోన్ దగ్గరికి తెస్తే ఆ మిషన్లు బుర్రుమంటాయి, మాట సరిగ్గా తెలియదు. నేను ఊ అంటే సరిపోయేది. కానీ ఫోన్ ఒక్కటేనా? చెవి తెరుచుకున్నాక ఆ ఇంట్లో ఏ మాట ఎప్పుడు ఆయన చెవిన పడుతుందో ఎవరు కాపలా కాస్తారు? అచ్చు రావడానికి రెండు వారాలు పడుతుంది, ఈలోగా మీరే చెప్పండి అన్నాను. ఆమె వెనకే వచ్చి వింటున్న దేవదానానికి కోపం వచ్చింది. “మీరు చెవికి మిషన్ ఇస్తరు మేడం. గుండెకు ఇస్తరా? ముసలాయనకు ఏమన్న అయితే మీరొస్తరా?” అన్నాడు. “ఊరంతా నన్నే అంటది. చెయ్యి ఊపింది నేను గద,” అంది సలోమి.

మా డాక్టర్‌ను అడిగితే, మన పని చెవి వరకే అన్నారు. నాకప్పుడు అయిదో నెల. ఆ రెండు వారాలూ ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయాను. ఫోన్ మోగినప్పుడల్లా ఆ ఊరి నుంచేమో అనుకునేదాన్ని.

అచ్చు వచ్చాక, బురదలో ఆయన నడవలేడని నేనే ఇంటికి వెళ్లాను. తాత గడ్డం గీయించుకుని, మిషన్ కోసం జేబున్న తెల్ల చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. పక్కనే మంచం మీద సెల్‌ఫోన్. నేను సలోమి వైపు చూశాను. చెప్పలేదన్నట్టు తల ఊపింది.

పద్ధతి ప్రకారం ముందు అచ్చు చెవిలో కూర్చోబెట్టి, మిషన్‌ను తక్కువలో ఉంచి, మెల్లగా పెంచాలి. మొదట వినబడే గొంతు ఇంటివాళ్లది కావాలి. ఎవరు మాట్లాడతారని అడిగాను. మేసి పడుకున్న గేదెకు గడ్డి వేయాలని దేవదానం బయటికి వెళ్లిపోయాడు. సలోమి వచ్చింది. మైకు డబ్బాలోనే ఉంటుంది కనుక, దాన్ని ఆయన జేబులోంచి తీసి నోటి దగ్గర పెట్టుకుంది.

“మామా.”

తాత పగలబడి నవ్వాడు. “నీ గొంతు గిట్లుంటదా? కాకి లెక్క!”

“మామా, మరియత్త లేదు. పోయిన వానకాలమే పోయింది. బాగుందని నేనే నీకు అబద్ధం చూపించిన.”

ఆయన ఆమె వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు. “బిడ్డా, మిషన్ సరిగ్గనే చెప్తున్నదా?”

నా ముఖం చూస్తే ఆయనకు తెలిసిపోయేదే. అయినా డబ్బా తీసుకుని, “సరిగ్గానే చెప్తోంది తాతా,” అన్నాను.

అచ్చును వేలితో చెవిలోకి నొక్కి పట్టుకున్నాడు. తర్వాత అడగడం మొదలుపెట్టాడు. ఏం రోగం? ఎవరు స్నానం చేయించిండ్రు? ఏ చీర కట్టిండ్రు? వాన పడ్డదా? సలోమి ఏదీ దాచకుండా చెప్పింది. గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డ కొడుకును చూసి తాత, “బతికున్నోణ్ణి పట్టుకుని, నన్ను గూడ ఆమెతోనే బొందపెట్టిండ్రు గదరా,” అన్నాడు. సలోమి తెచ్చిన నీళ్లు తాగలేదు. నేను బ్యాటరీ మార్చడం, అచ్చు కడగడం దేవదానానికి చూపించాను. అతను వినడం లేదని తెలుసు. అయినా అది చెప్పకుండా మేము ఇల్లు దాటకూడదు.

నెల తర్వాత అచ్చు ఒరుసుకుంటోందని కబురొస్తే వెళ్లాను. తాత మంచం మీదే ఉన్నాడు. “కోపంతోని బువ్వ తినలే. మల్ల ఆకలైంది,” అన్నాడు. ఇంట్లో ఎవరైనా చేత్తో సైగ చేస్తే తిడుతున్నాడట. సాయంత్రం తానే మిషన్ ఆపేసి, “గిప్పుడు మీరేమన్న అనుకోండ్రి,” అంటాడట. ఆ మాట చెబుతూ సలోమి నవ్వింది. దేవదానం నవ్వలేదు. “మా నాయిన తట్టుకున్నడు గనక సరిపోయింది మేడం,” అన్నాడు. తట్టుకోకపోయి ఉంటే ఏమనేదాన్నో నాకు తెలియదు. ఇప్పటికీ ఆలోచిస్తాను.

ఆ తర్వాత ఉద్యోగం మానేదాకా, అచ్చు తీసిన రోజునే ఇంటివాళ్లను బయటికి పిలిచి, పెద్దవాళ్లకు తెలియకుండా ఉంచినది ఏమైనా ఉందా అని అడిగేదాన్ని. ముందు అందరూ లేదనేవారు. తర్వాత ఒకరు ఇంకొకరి వైపు చూసేవారు. అమ్మేసిన పొలమో, విడిపోయిన మనవరాలి కాపురమో, ఏదో ఒకటి ఉండేది. చెవుడున్న మనిషి ముందు ఇల్లు గొంతు తగ్గించుకోవడం మానేస్తుంది. మిషన్ పెట్టే రోజున ఆ మాటలన్నీ ఆ ఇంట్లోనే ఉంటాయి. అందుకే, అచ్చుకు రెండు వారాలు పడుతుందని అందరికీ చెప్పేదాన్ని. ల్యాబు నుంచి అంతకంటే ముందే వచ్చినా, ఆ గడువు తగ్గించేదాన్ని కాదు.