గేదె గొంతులో తాటిటెంక

నాకు అనుమానం ఎక్కువ. కాచిన పాలైనా వాసన చూసిగానీ తోడు పెట్టను. తొంభైల్లో కోనసీమలోని ఓ పల్లెకి కోడలిగా వెళ్లిన కొత్తలోనే మా అత్తగారు ఈ సంగతి కనిపెట్టి వీధంతా చెప్పేశారు.

ఓ పొద్దున పాకలో మా గేదె మూతి మీద గాటు కనిపించింది. ముందురోజు సాయంత్రం ఓ ఊరకుక్క చొంగ కార్చుకుంటూ పాకవైపు నుంచి రావడం నేను చూశాను. ఆ మాటే అన్నాను.

"కంచె గీరుకుని ఉంటుందిలే. నీకన్నీ అనుమానాలే," అంటూ అత్తగారు గాటుకి పసుపు అద్దారు. 

నెల దాటాక గేదె మేత మానేసింది. నోటి వెంట తీగలుగా చొంగ. అరుపు బొంగురుపోయింది. కుడితిలో మూతి పెడుతుంది గానీ మింగలేదు. అవి తాటిపళ్ల రోజులు. చీకి పారేసిన టెంక పశువు గొంతుకి అడ్డం పడడం మా వైపు మామూలే. చేతికి ఆముదం రాసుకుని లోపలికి పెట్టి దాన్ని లాగడంలో మా మావగారిది అందెవేసిన చెయ్యి.

ఆయన అప్పటికే ఆముదం గిన్నె తెచ్చుకున్నారు.

"వద్దండి మావయ్యగారూ. టెంకైతే అరుపెందుకు మారుతుందండి? డాక్టరుగారిని పిలిపించండి."

"ఆయనొచ్చేలోపు ఊపిరాడక చస్తుందమ్మాయ్," అంటూ మోచేతిదాకా పెట్టేశారు. ఆ చేతికి కొడవలి తెగిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది. టెంక దొరకలేదు.

మధ్యాహ్నం పశువుల డాక్టరు వచ్చి, దూరం నుంచే గేదెని చూసి, "నోట్లో చెయ్యెవరు పెట్టారండి?" అని అడిగారు. మావగారని నేనే చెప్పాను. పిచ్చికుక్క కాటులా ఉందన్నారు. కరిచిన రోజే గాటు కడిగి టీకాలు మొదలుపెట్టి ఉంటే దక్కేదేమో అన్నారు. పక్కన కట్టిన పెయ్యకి టీకా వేసి, మావగారి చెయ్యి సబ్బుతో చాలాసేపు కడిగించి, వెంటనే రాజమండ్రి పెద్దాసుపత్రికి వెళ్లమన్నారు. గేదె ఆ వారంలోనే పోయింది.

మావగారు మాత్రం టెంక లోపలికి జారిపోయిందనే అనేవారు. "నీ అనుమానం తీరడానికి వెళ్తున్నానమ్మాయ్," అంటూనే బొడ్డు చుట్టూ ఇంజక్షన్లు పొడిపించుకుని వచ్చేవారు.

అవి పూర్తయినా నాకు నమ్మకం కలగలేదు. ఈ జబ్బొస్తే మనిషి నీళ్లు చూస్తేనే జడుసుకుంటాడని విన్నాను. ఆయనకి మంచినీళ్లిచ్చి, తలుపు చాటున నిలబడి గుటకలు చూసేదాన్ని.  ఎంత భయపడ్డానో ఎవరికీ చెప్పలేదు.

నేను చూస్తున్నానని ఆయన ఎప్పుడు కనిపెట్టారో తెలియదు. ఓ పొద్దున చివరి చుక్కదాకా తాగి, తలుపువైపు తిరిగి గ్లాసు బోర్లించి చూపించారు.  తర్వాత రోజూ అంతే. నేను చాటున నిలబడడం మానేశాక కూడా, ఉన్నన్నాళ్లూ, నీళ్లు తాగి నాకోసం గ్లాసు బోర్లించేవారు.